మగ్గం మీద ఓడ

ఆషాఢ బహుళ ఏకాదశి, బుధవారం. ధర్మవరం, అక్కావాళ్ళ ఇంట్లో మగ్గం గది. ఉన్నవాళ్ళు: బావ, అక్క, మేనల్లుడు, అతని భార్య, పక్కింటి అవ్వ, నేను. వేళ: మధ్యాహ్నం రాహుకాలం పోయిన తర్వాత.

నా డైరీలో ఆ రోజు ఇలా మొదలవుతుంది. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ, దారిలో చినిగిన మూట ఏదైనా విప్పి చూడాల్సి వస్తే ముందు తేదీ, ఆ తర్వాత ఎదురుగా నిలబడ్డవాళ్ళెవరో, అటుపైనే మూటలో ఏముందో రాయడం మా పద్ధతి. ఉద్యోగం నుంచి దిగిపోయి ఇన్నేళ్ళయినా ఆ పద్ధతి నా చేతిని వదల్లేదు. పెళ్ళికి పోయి వచ్చినా, చావుకు పోయి వచ్చినా, ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుంటే తప్ప తక్కిన సంగతి నాకు కుదురుగా గుర్తుకు రాదు.

ఈ వారం హిందూపురంలో మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం. రంగులేసే మనిషి ముందుగదిలో బీరువా జరపడానికని దాని మీదున్న బొమ్మ ఓడను రెండు చేతులా ఎత్తి మంచం మీదికి దించాడు. దాని మూడు తెరచాప కొయ్యలూ ఒకే పక్కకు ఒరిగి ఉండడం చూసి, పాపం, తన చెయ్యి తగిలే అలా అయిందనుకున్నట్టున్నాడు, నడిమి కొయ్యను వేలితో నిటారుగా నిలబెట్టి పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపూ అది నిలబడింది. వేలు తీయగానే, తొందరేమీ లేని మనిషి గోడకు జారగిలబడినట్టు, మెల్లగా మళ్ళీ ఒరిగింది.

"ఇడిస్తే పడుకుంటాండాది సార్," అన్నాడు.

"అదంతేలేప్పా. ఇడిసిపెట్టు," అన్నాను.

అనేశాక తట్టింది, ఆ మాట నాది కాదు. ఇదే ఓడ పక్కన నిలబడి మా బావ నాతో అన్న మాట అది. ఆ పూట ఇంట్లో సున్నపు వాసన మధ్య కూర్చుని, అటక మీది డైరీల పెట్టె దించి, ఆ బుధవారం పేజీ వెదుక్కున్నాను. నా ఈడువాళ్ళకు ఇలాంటి పెట్టె ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఉండే ఉంటుంది కనుక నా అవస్థ వేరుగా చెప్పనక్కర్లేదు.

బావంటే మా అక్క మొగుడు. మాది పెనుకొండ. మా తాతల నాటి వృత్తి మగ్గమే అయినా మా నాయన దాన్ని వదిలేసి తాలూకాఫీసులో బిళ్ళ బంట్రోతుగా చేరాడు కాబట్టి, నేను కొండ కింద, కోటగోడల మధ్య, మగ్గం చప్పుడు తెలియకుండానే పెరిగాను. అక్కను ధర్మవరం ఇచ్చినప్పుడే ఆ చప్పుడు మాకు చుట్టమైంది. బడి సెలవులకు పాసింజరు బండెక్కి పోయి, అక్కావాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి, ప్రతి గడప లోపలి నుంచీ పేక దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తే టకటక ఒక్కసారిగా మీద పడేది. ఒక ఇంటి చప్పుడు ఆగితే ఆ ఇంట్లో భోజనాలని, రెండిళ్ళవి ఆగితే ఎవరికో చుట్టాలు వచ్చారని, వీధి మొత్తం ఆగిపోతే ఎవరో పోయారని మా అక్క వంటింట్లో కూర్చునే చెప్పేది. ఆ వీధిలో నిశ్శబ్దానికి అన్ని అర్థాలుండేవి.

బావది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వేలాడేసి గట్టు మీద కూర్చుని, కింద కాళ్ళతో చెక్కలు తొక్కుతూ పైన చేతులతో నేసేవాడు. నన్నూ అలా కూర్చోబెట్టేవాడు గానీ నా కాళ్ళు అడుగుకు అందేవి కావు. చీర పూర్తయిన రోజు ఇంట్లో చిన్న పండగలా ఉండేది. బావ స్నానం చేసి వచ్చి బ్లేడు పట్టుకునేవాడు. అయితే పడుగును మొదలంటా ఎప్పుడూ కోసేవాడు కాదు. జానెడు పోగులు మగ్గానికే వదిలేసేవాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ జానెడు పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టి అతికేది పక్కింటి అవ్వ. అప్పటికి ఆమె అవ్వ కాదు, ముక్కుపుడక మెరిసే మనిషి, కానీ ఆ పని వల్ల అప్పుడే అందరికీ పెద్దదైపోయింది. అతుకు ఎక్కడ పడిందో ఆమె వేలు తీశాక ఆమెకే తెలిసేది కాదు.

అంత మంచి పట్టు ఊరికే ఎందుకు వదిలేస్తావని ఒకసారి బావను అడిగాను. "పెరుగంతా ఊడ్చుకోని తినేస్తే రేపటికి తోడు యాడనుంచి తెస్తావురా?" అన్నాడు. మగ్గానికీ తోడు ఉండాలి, ఖాళీ మగ్గం ఇంటికి మంచిది కాదు అన్నది ఆ వీధిలో అందరి మాటా. అది నాకు ఎంత నచ్చిందంటే పెనుకొండకు తిరిగి వచ్చాక కూడా పలక తుడిచేటప్పుడు ఒక మూల ఒక అక్షరం వదిలేసేవాణ్ణి. మా అయ్యవారు దానికి వేరే అర్థం తీసి చెవి మెలిపెట్టాడనుకోండి, అది వేరే సంగతి.

ఉద్యోగంలో చేరాక ధర్మవరం స్టేషను నా దారిలోదే అయింది. బండి మారే సమయంలో అక్క ఇంటికి పోయి రెండు ముద్దలు తిని, మగ్గం పక్కన చాప మీద ఒక కునుకు తీసి మళ్ళీ డ్యూటీకి పోయేవాణ్ణి. అంత చప్పుడులో ఎలా నిద్రపడుతుందని తోటివాళ్ళు అడిగేవాళ్ళు. బావ చేతి నాడె ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో కచ్చితంగా ఒక రోజని చెప్పలేను. పట్టు ఇచ్చే సావుకారు తగ్గించి తగ్గించి ఒక ఏడు పూర్తిగా మానేశాడు. ఆయన్ను అనడానికీ లేదు. అదే రంగు చీర యంత్రం మీద చకచకా దిగుతుంటే చేతి మగ్గం చీర కోసం కాచుకుని ఎవరు కూర్చుంటారు. బావ కడపటి చీరను కూడా అలవాటు ప్రకారం జానెడు పోగులు వదిలే కోశాడు. కొత్త పడుగు రాలేదు. ఆ పోగులు ఎండిన గడ్డి అంచులా మగ్గానికి వేలాడుతూ ఉండిపోయాయి. రోజూ ఉదయం ఆయన దుమ్ము దులిపేవాడు, శుక్రవారం అక్క పసుపు కుంకుమ పెట్టేది. ఖాళీగా ఉండడం చేతకాని చేతులు బావవి. పొట్లం కట్టిన దారం దొరికితే పురి విప్పి మళ్ళీ పురిపెట్టేవాడు. నేను పోయి ఎదురుగా కూర్చుంటే, నాతో మాట్లాడుతూనే నా చొక్కా గుండీకి వేలాడే దారపు కొస సరిచేసేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఓడ. అక్క కూతుర్ని ఇచ్చింది విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే చోట ఫిట్టరుగా ఉన్న అబ్బాయికి. విడిభాగాలు తెప్పించుకుని బొమ్మ ఓడలు కట్టడం అతని సరదా. ఎక్కడినుంచో తెప్పించిన పెద్ద పెట్టె ఒకటి, క్వార్టర్సులో దాన్ని పరుచుకునే చోటు లేక, విప్పకుండానే మంచం కింద ఉండిపోయిందట. దసరాకు వచ్చినప్పుడు దాన్ని తెచ్చి మామ ముందు పెట్టాడు. బొమ్మ అంటే అరచేతిలో పట్టేదనుకున్నాం. పెట్టె మీది పటం చూస్తే పూర్తయ్యాక రెండు మూరలు దాటిన పొడవు, నిలువునా నా నడుమెత్తు. లోపల చీపురుపుల్లల్లాంటి సన్నటి చెక్కలు, చేపముళ్ళలా కోసిన పక్కటెముకలు, ఆవగింజలంత మేకులు, మిరియాలంత కప్పీలు, దారపు ఉండలు, వాటన్నిటి మీదా లావుపాటి ఇంగ్లీషు పుస్తకం.

"చెరువులో నీళ్ళు ల్యా, ఈయప్ప ఓడ కడతాండాడు," అని అక్క వీధంతా వినిపించేట్టు చెప్పింది. ఇంక వచ్చేపోయేవాళ్ళకు అదే వేళాకోళం. ఎదురింటాయన గడప దగ్గర నిలబడి, "ఏమప్పా, ఎప్పుడు బయల్దేర్తాది? పరిగిలో దిగల్ల నేను, ఆడ ఆపుతావా?" అని రోజూ అడిగేవాడు. "పరిగిలో ఆగదు, ఎక్స్‌ప్రెస్సు," అని బావ తల ఎత్తకుండా అనేవాడు. చాలాకాలం తర్వాత ఆయన నోట హాస్యం విని అక్క నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పే పని నాది. అప్పటికి నాకూ పని లేదు. వారానికొకసారి హిందూపురంలో పాసింజరెక్కి, పెనుకొండ కొండను కిటికీలోంచి చూసుకుంటూ పోయి, వచ్చే వారం దాకా చేయాల్సినవి తెలుగులో వివరించి వచ్చేవాణ్ణి. మొదట నేల మీద పరుచుకుని చేశాడు గానీ నడుం పట్టేసింది. ఒక వారం నేను పోయేసరికి ఓడ మగ్గం మీదికెక్కి ఉంది. పాత పోగులను గుడ్డలో చుట్టి పక్కకు కట్టి, పడుగు ఉండాల్సిన చోట పలకలు పరిచి, వాటి మీద ఓడ అడుగు దూలాన్ని నిలబెట్టి, తాను ఎప్పటిలా గుంతలోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. వేడినీళ్ళలో నానబెట్టిన చెక్కలు వంచుతూ చిన్న సుత్తితో మేకులు కొడుతుంటే, ఆ టకటక విని, మగ్గం మళ్ళీ మొదలైందేమోనని పక్కింటి అవ్వ కర్ర పట్టుకుని వచ్చి చూసింది. చూసి, గట్టు మీద తన పాత చోటులో కూర్చుంది. ఆ తర్వాత రోజూ అక్కడే.

ఓడ ఒళ్ళు కట్టడానికి ఏడాది దాటింది. ఎక్కడా ఒక చెక్కకూ మరో చెక్కకూ మధ్య గోరు పట్టే సందు లేదు. కొయ్యలు నిలబెట్టి తాళ్ళు కట్టే దశకు వచ్చాక పెట్టెలోని దారపు ఉండను బావ వేళ్ళ మధ్య నలిపి చూసి, "గొర్రె మెడకు కట్టేకి గూడా పనికిరాదు ఇది," అని అవతల పెట్టాడు. ఎప్పటిదో మిగిలిన చింతపిక్క రంగు పట్టు ఇంట్లో ఉంది. దాన్ని తానే పురిపెట్టి, వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించినట్టే ఆ తాళ్ళకూ గంజి పట్టించాడు. ఎండాక అవి నిజం ఓడ తాళ్ళను చిన్నవి చేసి తెచ్చినట్టు ఉన్నాయి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. బావకు పోగంటే లాగి కట్టి ఉన్న పోగే. బిగువు మగ్గం ఇస్తుంది, నేతగాడు నేస్తాడు. పుట్టినప్పటినుంచి ఆయన ఎరిగింది అదే. అందుకని కొయ్యల మీదినుంచి దించిన ఒక్కో తాడునూ ఓడ అంచు మీదుగా పోనిచ్చి, కొసను తీసుకుపోయి మగ్గం గుంజలకు, అడ్డకర్రలకు, బట్ట చుట్టే దోనెకు బిగించి కట్టాడు. కొన్నాళ్ళకు ఓడ మగ్గం నడుమ సాలెగూటిలో ఈగలా నిలబడి ఉంది. ఏ తాడు మీద వేలు వేసినా తంబూరాలా మోగేది. చూసినవాళ్ళు నోరు తెరిచి నిలబడేవాళ్ళు. పుస్తకంలో బొమ్మలు మాత్రం వేరుగా ఉన్నాయి. ప్రతి తాడూ ఓడ పక్కలకే కట్టి ఉంది, ఒక పక్క కట్టగానే రెండో పక్కది కట్టి సరిచూసుకోవాలని రాసి ఉంది. అది చదివి చెప్పాను.

"అది చేతగానోళ్ళకు రాసిన పుస్తకం బామ్మర్దీ," అన్నాడు. "లాగుడు లేకుండా పోగు యాడన్నా నిలబడతాదా? గంజి బిగుసుకుంటే అదే నిలబడతాది. చీర కోసినంక చీర మగ్గాన్ని అడుగుతాదా?"

పుస్తకం ఒకటి చెబుతోంది, ఎదురుగా ఉన్న చేతులు ఇంకొకటి చెబుతున్నాయి. ఆ చేతులను నేను పిల్లప్పటినుంచీ చూస్తున్నాను. పేజీ తిప్పి తర్వాతిది చదివాను.

ఇదంతా ఇలా ఉండగా మేనల్లుడు ఒక రోజు తండ్రి పక్కన కూర్చుని మాట ఎత్తాడు. అతను పక్క వీధిలో పరాయి షెడ్డులో పవర్‌లూమ్ నడుపుతున్నాడు. "ఎన్నాళ్ళని నాయనా ఇంగొకరి దగ్గర చేసేది? శ్రావణంలో మన ఇంట్లోనే ఒకటి పెట్టుకుందామనుకుంటాండా," అన్నాడు. ఇంట్లో అంటే ఆ గదే, వేరే గది లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే పక్కన ఎవరో హోటలు కడుతున్నారని, వచ్చేపోయేవాళ్ళు చూసేందుకు పాత మగ్గం ఒకటి కావాలంటున్నారని కూడా చెప్పాడు. కొడుకు అంత బెరుగ్గా అడిగిన దానికి బావ వెంటనే సరేనన్నాడు. శుక్రవారం మగ్గం గడప దాటితే లక్ష్మి పోతుందని అక్క పట్టుబట్టింది, కాబట్టి గురువారం ఉదయం లారీ రావాలని, బుధవారం ఓడను దించేయాలని ఏర్పాటైంది. నన్ను రమ్మని బావే ఫోను చేశాడు.

"నా మగ్గం మీద కడాకు దిగేది ఇది. వంకర లేకుండా దిగల్ల. నువ్వుండల్ల," అన్నాడు. అంతకు మించి ఆయన ఎవర్నీ ఏదీ అడిగినట్టు నేనెరుగను.

బుధవారం మధ్యాహ్నం ఆయన స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. అక్క మగ్గానికి కర్పూరం వెలిగించింది. విశాఖలో ఉన్న అల్లుడు కూడా చూడాలని మేనల్లుడి భార్య ఫోనును గోడ గూట్లో నిలబెట్టింది. బావ బ్లేడు తీసుకుని ముందువైపు తాడు ఒకటి కోశాడు. అలవాటు చొప్పున జానెడు మగ్గానికే వదిలి కోశాడు. ఏమీ కాలేదు. ఇంకొకటి కోశాడు. మేనల్లుడు చేతులు చాచి ఓడను పట్టుకోబోతే, "ముట్టద్దు, అదే నిలబడతాది," అన్నాడు. వరసగా ఆ పక్కవీ ఈ పక్కవీ కోసుకుంటూ వచ్చి చివరిది తెగేసరికి, నడిమి కొయ్య, నిద్రలో తల వాలినట్టు, కొంచెం వంగింది.

గంజి బిగుసుకున్న పట్టు, మగ్గం లాగుడు పోగానే వదులై, వంపులు తిరిగి నిలబడింది. ఏ తాడు కింది కొసా ఓడలో ఎక్కడా కట్టి లేదు. అప్పటికి గదిలో అందరికీ అర్థమైంది. ముందుగా కదిలింది అవ్వ. కర్ర కింద పడేసి, వేలాడుతున్న తాడు కొసను రెండు వేళ్ళతో అందుకుని లాగి పట్టుకుంది. అది చూసి అక్క ఒకటి, మేనల్లుడు రెండు చేతులా రెండు, అతని భార్య ఒకటి, నేను ఒకటి. కొయ్యలు లేచి నిటారుగా నిలబడ్డాయి. ఓడ చుట్టూ మనుషులం మగ్గమై నిలబడ్డాం.

"తేరు లాగినట్టుండాది," అంది అవ్వ. "ఇంగ జాతరొకటే తక్కువ."

"నువ్వు గెట్టిగా లాగద్దు ముసిల్దానా, నా పక్క వంగతాండాది," అంది అక్క.

బావ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, ఆ తాడు కొసను ఓడ అంచుకే ముడి వేయడం మొదలుపెట్టాడు. గంజి పట్టిన పట్టు ముడికి లొంగదు. లొంగిన చోట, ఆ ఒక్కటి బిగియగానే కొయ్య ఆ పక్కకు గుంజుకుని, ఎదురుగా కట్టినది వదులయ్యేది. అక్క దగ్గరిది కట్టి నా దగ్గరికి వచ్చేసరికి అక్క దగ్గరిది పోయింది. నాది కట్టేసరికి మేనల్లుడిది. అటూ ఇటూ, ఓడ చుట్టూ, ఎన్నోసార్లు. ఎన్ని వేల పోగులు తాకిన వేళ్ళో అవి. గూట్లోంచి అల్లుడు ఏదో చెప్పబోయాడు. "మామా, ఒక్కటొక్కటే కాదు, రెండు పక్కలా ఒకేసారి..." అని ఆగిపోయాడు. చెప్పాల్సిన వేళ అది కాదని అతనికీ తెలిసినట్టుంది. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. జీవితమంతా ఏది ఎక్కడ ఉండాలో రాసి పెట్టిన మనిషిని, పుస్తకం నా సంచీలోనే ఉంది, నా చేతిలో ఉన్న జానెడు పట్టును ఏంచేయాలో మాత్రం నాకు తెలియదు. చేయి తీస్తే ఏమవుతుందో అదొక్కటే తెలుసు.

ఎంతసేపు నిలబడగలం. లారీవాళ్ళ ఫోను మోగితే మేనల్లుడు ఒక చేతిలోది భార్యకు ఇచ్చాడు, ఆ అమ్మాయికి లోపల బిడ్డ లేచి ఏడవడం వినిపించింది, రెండూ నాకు ఇచ్చింది. అవ్వ గట్టు మీద చతికిలబడింది, కూర్చుని కూడా తాడు వదల్లేదు. ఆఖరికి బావ చేతిలో బ్లేడు గట్టు మీద పెట్టి, తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుని, మా అందర్నీ ఒకసారి చూశాడు.

"చాల్లే బామ్మర్దీ. ఇడిసిపెట్టు."

నేను వదల్లేదు. ఆయనే వచ్చి, పిల్లవాడి గుప్పిట్లోంచి వస్తువు తీసినట్టు, నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. తర్వాత అక్క వదిలింది. అవ్వ అందరికంటే చివర. పెద్ద చప్పుడేమీ కాలేదు. మూడు కొయ్యలూ ఒకదాని వెంట ఒకటి ఒకే పక్కకు వాలి ఆగాయి. అక్క దీపం పెట్టే వేళయిందని లోపలికి పోయింది.

ఆ ఓడ మా ఇంటికి చేరింది తర్వాత కొన్నాళ్ళకు. పవర్‌లూమ్ అదురుకు గోడ మీది పటాలే నిలవడం లేదని, నీ దగ్గర ఉంచుకొమ్మని బావే పంపాడు. దాన్ని సరిచేయమని నేను అడగలేదు, ఆయనా ఆ మాట ఎత్తలేదు. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళు. ఆయన పోయిన రోజు నేను ధర్మవరంలో దిగి ఆ వీధి మలుపు తిరిగినప్పుడు చప్పుడు ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ యంత్రం నడుస్తోంది, మేనల్లుడి యంత్రం ఒక్కటే ఆగింది. ఎవరినీ తప్పు పట్టలేం, కూలికి వచ్చినవాళ్ళు ఉంటారు, గడువులుంటాయి. కానీ వంటింట్లో కూర్చుని వీధిలో ఏం జరిగిందో చెప్పగలిగిన కాలం మా అక్క బతికుండగానే అయిపోయింది. ఇప్పుడు ఆ వీధిలో నిశ్శబ్దమంటే కరెంటు పోవడం, అంతే.

ఇంక ఆ గురువారం ఉదయం. లారీతో ముగ్గురు మనుషులు వచ్చారు. ఏది ముందు ఊడదీయాలో, ఏది తర్వాతో బావ దగ్గరుండి చెప్పాడు. గుంజలు, అడ్డకర్రలు, పోగులు దూర్చే పన్నె, అన్నీ లారీ ఎక్కాయి. చివరగా దోనె మిగిలింది. దానికి ఆ గుడ్డలో చుట్టిన పాత చీర పోగులు, ముందురోజు కోసిన చింతపిక్క రంగు తాళ్ళ జానెడు కొసలు కలిసి వేలాడుతున్నాయి. ఆ ముగ్గురిలో పెద్దవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ పీలికలేంది పెద్దాయనా? జనం చూసేకి పెట్టేది, నీటుగా ఉండల్ల గదా," అని జేబులోంచి బ్లేడు తీసి, మొదలంటా నున్నగా కోసేశాడు. మంచి మనిషి. కోసినవి కింద పారేయకుండా కుచ్చులా పట్టి బావ చేతిలో పెట్టాడు.

బావ చెయ్యి కొంచెం లేచింది. నేను ఆయన పక్కనే ఉన్నాను, ఏదన్నా అంటాడేమోనని చూశాను, అంటే నేనూ అందామని. ఆయన ఆ కుచ్చు వైపు చూసి, పిడికిలి మూసుకున్నాడు. లారీ మలుపు తిరిగింది.

నాకు బండి వేళయింది. దారిలో తినడానికి పెరుగన్నం కట్టిస్తానని అక్క వంటింట్లోకి పోయి, ఎంతకీ రాలేదు. రాత్రి ఆ గందరగోళంలో పాలు తోడుపెట్టడం మరిచిపోయిందట, ఉన్న పెరుగు పొద్దునే లారీవాళ్ళకు మజ్జిగ చేసి పోసిందట, గిన్నె అడుగున చుక్క లేదు. కాచిన పాలు పొయ్యి పక్కన పెట్టి, చిన్న గిన్నె పట్టుకుని తోడు కోసం పక్కింటి అవ్వ దగ్గరికి పోయింది.

బావ ఖాళీ గదిలో గట్టు మీద, ఎప్పటిలా గుంతలోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. పిడికిలి ఇంకా మూసే ఉంది. అక్క గడప దాటి లోపలికి వస్తుంటే తల ఎత్తి చూశాడు.

"దొరికెనా?"

"దొరికె," అంది అక్క, గిన్నె వంచి చూపిస్తూ. "స్పూనుడు ఇచ్చింది. చాలు."